చిన్న గదిలో చదువుకు చోటు

జూన్ మాసం సమీపించగానే మన ఇళ్లలో ఒక కొత్త లెక్క మొదలవుతుంది. ఫీజులు, పుస్తకాలు, యూనిఫారం, బూట్లు అన్నీ అయిన తర్వాత “బిడ్డకు చదువుకోవడానికి ఒక బల్ల కూడా కొనాలి” అన్న మాట వస్తుంది. తల్లిదండ్రులు ఫర్నిచర్ దుకాణానికి వెళతారు. అక్కడ మంచం, బల్ల, అల్మారా మూడూ ఒకే రంగులో, ఒకే ధరకు, ఒకే సెట్టుగా కనిపిస్తాయి. దుకాణంలోని విశాలమైన హాలులో ఆ మూడూ ఎంతో పొందికగా ఉంటాయి. ఇంటికి తెచ్చి గదిలో పెట్టిన తర్వాత తలుపు సగమే తెరుచుకుంటుంది.

ఈ మాసం మాకు అందిన ఉత్తరాలలో ఒక సోదరి రాసినది మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. ఇంట్లో ఒక హాలు, ఒక వంటగది, రెండు చిన్న గదులు. కుమారుడు ఇంటర్ రెండవ సంవత్సరంలో ఉన్నాడు. కుమార్తె పదో తరగతిలోకి వచ్చింది. పిల్లల గది కొలత 8 అడుగులకు 10 అడుగులు. “అబ్బాయికి బల్ల, కుర్చీ, మంచం ఉన్నాయి. అమ్మాయి రాత్రి పూట వంటగది గడప దగ్గర కూర్చుని చదువుతోంది. స్థలం ఆదా అయ్యే సామాను ఏది కొంటే బాగుంటుందో చెప్పండి” అని ఆమె అడిగారు. మదరసాలో ముప్పై ఏళ్లుగా చిన్న గదులలో పెద్ద సంఖ్యలో పిల్లలను చూస్తున్న వారిగా ఈ విషయంలో మాకు కొన్ని అభిప్రాయాలు ఏర్పడ్డాయి. వాటిని ఇక్కడ ఉంచుతున్నాము.

ముందుగా లెక్క చూద్దాము. 8కి 10 గది అంటే 80 చదరపు అడుగులు. ఒంటరి మంచం ఆరుంపావు అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉంటే దాదాపు 19 చదరపు అడుగులు తీసుకుంటుంది. 4 అడుగులకు 2 అడుగుల బల్ల 8 తీసుకుంటుంది. అల్మారా మరో 5. మొత్తం 32. ఇంకా 48 మిగిలి ఉన్నదని దుకాణంలో నిలబడిన తండ్రి సంతోషిస్తాడు. కాని కుర్చీని వెనక్కి జరిపి లేవాలంటే బల్ల ముందు రెండున్నర అడుగులు ఖాళీ ఉండాలి. అది 10 చదరపు అడుగులు. అల్మారా తలుపులు తెరుచుకోవడానికి నాలుగున్నర. గది తలుపు తిరగడానికి 5. జానమాజ్ పరచుకుని సజ్దా చేయడానికి 9. ఈ అన్నింటినీ కూడితే 60 దాటుతుంది. మిగిలిన 20 అడుగులు కూడా ఒకచోట ఉండవు. మంచం కాళ్ల దగ్గర ఒక ముక్క, అల్మారా పక్కన ఒక ముక్కగా చీలిపోయి, చివరికి చెప్పులకు, పాత సంచులకు నిలయమవుతాయి.

కనుక సామాను ఆక్రమించే నేల ఎంత అన్నది సగం ప్రశ్న మాత్రమే. ఆ సామానును వాడేటప్పుడు మనిషికి కావలసిన నేల ఎంత అన్నది మిగిలిన సగం. ఈ రెండవ రకం నేలలో ఒక సౌలభ్యం ఉంది. కుర్చీ వెనక్కి జరిగే చోటు, అల్మారా తలుపు తెరుచుకునే చోటు, నమాజు చేసే చోటు, ఈ మూడింటి అవసరం ఒకే క్షణంలో కలగదు. మూడింటినీ గది మధ్యన ఒకే నేల మీద పడేటట్లు అమర్చుకుంటే పాతిక అడుగుల పని పది పన్నెండు అడుగులలో జరిగిపోతుంది. గోడల వెంబడి సామాను, మధ్యన ఒకే ఒక ఖాళీ. చిన్న గదికి ఇంతకంటే మంచి అమరిక మాకు తెలియదు.

మన పెద్దల ఇళ్లు ఈ సూత్రం మీదనే నడిచాయి. ఉదయం పరుపులు చుట్టి మూలన పెట్టేవారు. అదే నేల మీద దస్తర్‌ఖాన్ పరిచి భోజనం చేసేవారు. అది ఎత్తిన తర్వాత పిల్లలు అక్కడే పలకలు పట్టుకుని కూర్చునేవారు. మధ్యాహ్నం బంధువులు వస్తే జంపఖానా పరిచేవారు. పాత ఇళ్ల మందపాటి గోడలలో గూళ్లు ఉండేవి. ఉర్దూ మాట్లాడే వారు వాటిని తాక్ అనేవారు. దీపం, పుస్తకం, సిరాబుడ్డి అందులోనే. గోడ మందంలో ఉన్న ఆ గూడు గదిలో ఒక్క అంగుళం కూడా తీసుకునేది కాదు. నేటి నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలలో గూళ్లకు చోటు లేదు. వాటి స్థానంలో గోడకు బిగించే అరలు వచ్చాయి.

ఇక్కడ రెహల్‌ను గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేము. సంప్రదాయ పద్ధతిలో రెహల్‌ను ఒకే చెక్క పలక నుండి చెక్కుతారు. పలకను మధ్యకు కోసి, నడుమ కీలు భాగాన్ని ఒకదానిలో ఒకటి ఇమిడేటట్లు తొలుస్తారు. మేకు లేదు, జిగురు లేదు, ఇనుప బందు లేదు. తెరిస్తే గ్రంథాన్ని మోస్తుంది, మూస్తే పలుచని పలకయై గోడకు ఆనుతుంది. మడత సామాను కొనదలచిన వారు దుకాణానికి వెళ్లే ముందు ఇంట్లోని రెహల్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని తెరిచి మూసి చూడాలని మా సలహా. ఒక్క కదలికలో తెరుచుకుంటుంది, ఒక్క కదలికలో మూసుకుంటుంది. మంచి మడత సామానుకు అదే పరీక్ష.

పడక, బల్ల రెండూ ఒకే వస్తువులో ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని చికాగో నగరంలో ఫర్నిచర్ దుకాణం నడిపిన సారా గూడ్ అనే నల్లజాతి మహిళ 1885 జూలై 14న ఇటువంటి మడత మంచానికి పేటెంట్ పొందారు. రాత్రి మంచం, పగలు మూస్తే రాత బల్ల. కాగితాలు, కలాలు పెట్టుకోవడానికి అందులో చిన్న చిన్న అరలు కూడా ఉండేవి. ఆ దేశంలో పేటెంట్ పొందిన తొలి నల్లజాతి మహిళలలో ఆమె ఒకరు. ఇరుకు గదులలో జీవించే వారి అవసరం తెలిసిన వ్యక్తి చేతి నుండి ఆ వస్తువు వచ్చింది. నేడు మన నగరాలలో గోడలోకి మడిచే మంచాలు అమ్ముతున్నవారు అదే ఆలోచనను ఖరీదైన స్ప్రింగులతో, గ్యాస్ గొట్టాలతో చేస్తున్నారు.

అయితే విద్యార్థి గదికి గోడ మంచాన్ని మేము సిఫారసు చేయము. దుప్పటి, దిండు తీసి, పరుపుకు పట్టీ బిగించి, మంచాన్ని ఎత్తి గోడకు చేర్చే పని రోజూ తెల్లవారుజామున నిద్రకళ్లతో ఎవరు చేస్తారు? పదిహేను రోజులు ఉత్సాహంగా సాగుతుంది. పదహారవ రోజు నుండి మంచం తెరిచే ఉంటుంది. కాబట్టి కొనే ముందు ఒక లెక్క వేసుకోవాలి. ఒక రూపం నుండి మరొక రూపానికి మార్చడానికి ఒక నిమిషం కంటే ఎక్కువ పడితే, లేదా ఇద్దరు మనుషులు అవసరమైతే, దానికి మడత సామాను ధర చెల్లించడం వృథా. అద్దె ఇంటివారికి ఇంకొక ఇబ్బంది ఉంది. గోడకు అంత బరువు బిగించడానికి ఇంటి యజమాని ఒప్పుకోడు, ఒప్పుకున్నా ఖాళీ చేసేటప్పుడు అది వెంట రాదు.

మడత మంచానికి బదులు మడత బల్ల మాత్రం చాలా ఇళ్లకు సరిపోతుంది. గోడకు బందులతో బిగించి, కింద రెండు ఇనుప బ్రాకెట్ల మీద నిలిచే పలక. వెడల్పు 3 అడుగులు, లోతు 18 అంగుళాల నుండి 20 అంగుళాలు ఉంటే ఒక పాఠ్యపుస్తకం, ఒక నోటుపుస్తకం పక్కపక్కన తెరిచి ఉంచవచ్చు. లోతు ఒక అడుగే ఉంటే మోచేయి గాలిలో వేలాడుతుంది, రాత వంకర పోతుంది. పెద్ద పిల్లలకు పలక ఎత్తు నేల నుండి 29 అంగుళాల చుట్టూ, కుర్చీ కూర్చునే ఎత్తు 17 లేదా 18 అంగుళాలు ఉండాలి. ఈ రెండింటి మధ్య 11, 12 అంగుళాల తేడా ఉండటం ముఖ్యం. చిన్న పిల్లవాడు వాడేటట్లయితే కాళ్ల కింద ఒక పీట వేయాలి. పాదాలు నేలకు ఆననప్పుడు పిల్లవాడు పది నిమిషాలకు ఒకసారి కదులుతాడు, పెద్దలు అతనికి ఏకాగ్రత లేదంటారు. పలక పైన, కూర్చున్నవారి చేతికి అందే ఎత్తులో ఒక అర తప్పక ఉండాలి. బల్ల మీది పుస్తకాలను పెట్టడానికి చోటు లేకపోతే బల్ల ఎన్నటికీ మడవబడదు.

నేల మీద కూర్చుని చదివే డెస్కును గురించి మమ్మల్ని అడిగేవారు అనుకూలంగానే చెబుతామని ఆశిస్తారు. మా జీవితం తిపాయి ముందే గడిచింది. పది, పన్నెండు అంగుళాల ఎత్తున్న పొడవాటి తిపాయిల ముందు వరుసగా కూర్చున్న పిల్లలతో గది ఎంత నిండినా, పాఠం కాగానే తిపాయిలను గోడకు చేరిస్తే అదే గది పడకగది అవుతుంది. చదవడానికి, కంఠస్థం చేయడానికి అది ఎంతో అనువైనది. కాని గంటల తరబడి లెక్కలు చేసే, జవాబులు రాసే ఇంటర్ విద్యార్థికి చదునైన తిపాయి వీపును వంచేస్తుంది. నేల డెస్కే కావాలనుకుంటే ఏటవాలు మూత ఉన్నది తీసుకోవాలి. పూర్వం షావుకారు కొట్లలో గుమాస్తాల ముందు ఉండిన రాతపెట్టె అటువంటిదే. ఏటవాలు మూత మీద రాత, మూత కింద పుస్తకాలు. పుస్తకం కళ్లకు ఎదురుగా లేస్తుంది కనుక మెడ అంతగా వంగదు. స్థానిక వడ్రంగి దీనిని రెండు రోజులలో చేయగలడు. ఇంట్లో మోకాళ్ల నొప్పి లేని వయసు వారికి ఇదే అన్నింటికంటే చౌకైన, చిన్నదైన చదువు సామాను.

వెలుతురు విషయంలో ఒక చిన్న సందేహం తరచుగా వస్తుంది. కుడిచేతితో రాసేవారికి కిటికీ ఎడమవైపు ఉండాలని అందరికీ తెలుసు. ఉర్దూ, అరబీ కుడి నుండి ఎడమకు రాస్తాము కదా, అప్పుడు కిటికీ మారాలా అని పిల్లలు అడుగుతారు. మారనవసరం లేదు. నీడ పడేది చేతి వల్ల, లిపి వల్ల కాదు. ఎడమచేతితో రాసే బిడ్డకు మాత్రం కిటికీ కుడివైపు రావాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చోబెడితే పుస్తకం మీద తల నీడ పడుతుంది.

ఇక పడక. ఇద్దరు కుమారులు లేదా ఇద్దరు కుమార్తెలు ఉన్న ఇళ్లలో ఒకదాని మీద ఒకటిగా ఉండే రెండంతస్తుల మంచం కొనాలన్న కోరిక సహజం. అది నిజంగానే 19 చదరపు అడుగులను ఆదా చేస్తుంది. అయితే కొనే ముందు తల పైకెత్తి పంకాను చూడాలి. 8 అడుగుల వెడల్పు గది నడుమ సాధారణ సీలింగు పంకా ఉన్నదనుకుందాము. దాని రెక్కల వ్యాసం దాదాపు 4 అడుగులు. అంటే రెక్క కొస గోడకు 2 అడుగుల దూరం వరకు వస్తుంది. మంచం వెడల్పు 3 అడుగులు. ఒక అడుగు మేర మంచం రెక్కల కిందనే పడుతుంది. పై అంతస్తు 5 అడుగుల ఎత్తులో ఉంటే, పరుపు మీద కూర్చున్న పన్నెండేళ్ల బిడ్డ తల 8 అడుగులకు చేరువవుతుంది. దుప్పటి దులపడానికి చేయి ఎత్తినా, లేచి నిలబడినా ఏమవుతుందో చెప్పనవసరం లేదు. సీలింగు పంకాను తీసి గోడ పంకా బిగించిన తర్వాతనే రెండంతస్తుల మంచం ఆలోచన చేయాలి. పై మంచానికి నాలుగు వైపులా కమ్మీ ఉండాలి. ఆరేళ్ల లోపు బిడ్డను పైన పడుకోబెట్టరాదు.

ఒకే మంచం ఉన్న గదిలో మంచం కింది చోటే అసలైన నిధి. మంచం పలకను ఎత్తితే లోపల పెట్టె ఉండే రకం నేడు విరివిగా అమ్ముతున్నారు. రోజూ అవసరం లేని వస్తువులకు, అంటే చలికాలపు దుప్పట్లకు, గత సంవత్సరపు పుస్తకాలకు అది మంచిది. రోజూ కావలసిన పుస్తకాలను అందులో పెడితే పరుపు ఎత్తవలసి వస్తుంది. వాటికి సొరుగులు కావాలి. సొరుగు బయటకు రావడానికి ముందు 2 అడుగుల ఖాళీ ఉండాలన్నది మరువరాదు. ఇవేవీ కొనలేని వారు చింతించనక్కరలేదు. మన హాస్టళ్లలో తరతరాలుగా ఉన్న ట్రంకు పెట్టెకు సాటి వచ్చే సామాను తక్కువ. తాళం ఉంటుంది, చెద పట్టదు, మంచం కిందికి జరుగుతుంది, మూత మీద మడిచిన జంపఖానా వేస్తే కూర్చోవడానికి పీట అవుతుంది. పెట్టె ఎత్తు, మంచం కింది ఖాళీ రెండూ కొలిచి కొనుక్కుంటే చాలు. పేరుగాంచిన వాస్తుశిల్పి ల కార్బూజియే 1952లో ఫ్రాన్సు దక్షిణ తీరాన తన కోసం కట్టుకున్న కుటీరం 3.66 మీటర్ల చతురస్రం, అంటే 12 అడుగులకు 12 అడుగులు. అందులో ఆయన కూర్చున్న పీటలు ఉత్త చెక్క పెట్టెలే.

మంచం ఏ దిక్కుకు వేయాలన్నది కూడా మన ఇళ్లలో ముందే నిర్ణయం కావాలి. మన తెలుగు ప్రాంతాల నుండి ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. ఆ వైపు కాళ్లు చాపి పడుకోరాదన్న మర్యాదను పాటించే కుటుంబాలు ఎక్కువ. కనుక మంచం తల ఎటు ఉండాలో, నడుమ వదిలిన ఖాళీలో జానమాజ్ ఎటు పడుతుందో ముందుగా చూసుకుని తర్వాత బల్ల స్థలం నిశ్చయించాలి. బల్లను ముందు బిగించి, తర్వాత నమాజుకు చోటు వెతకడం చాలా ఇళ్లలో చూస్తున్నాము.

సరుకు గురించి క్లుప్తంగా చెబుతాము. చౌకగా వచ్చే సెట్లలో ఎక్కువ భాగం చెక్క పొట్టును జిగురుతో కలిపి అదిమిన పలకలతో చేసినవి. చూపుకు నునుపుగా ఉంటాయి. మన ఇళ్లలో రోజూ నేలను నీళ్లతో తుడుస్తాము. ఆ తడి అంచు గుండా లోపలికి వెళితే పలక ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బిన పలక మళ్లీ మామూలు కాదు. అటువంటి సామాను తప్పనిసరైతే కాళ్లు ఇనుపవై, పలక నేల నుండి నాలుగు అంగుళాలైనా ఎత్తున ఉండేటట్లు చూసుకోవాలి. ప్లైవుడ్ తీసుకుంటే మామూలు గదికి ఐ.ఎస్. 303 ముద్ర ఉన్నది చాలును. స్నానాల గది గోడకు ఆనే చోట, తేమ దిగే చోట ఐ.ఎస్. 710 ముద్ర ఉన్నది కావాలి. పుస్తకాల అరకు 18 మిల్లీమీటర్ల పలక వేయించాలి. ఒక అడుగు పొడవున దట్టంగా పేర్చిన పుస్తకాలు సుమారు 10 కిలోలు తూగుతాయి. మూడడుగుల అర మీద 30 కిలోలు. నడుమ ఆధారం లేకుండా అంతకంటే పొడవు వేస్తే పలక జారిన నడుములా కుంగుతుంది. మేకులు గోడ పూతను దాటి ఇటుకలోకి దిగాలి. పడుకున్నవారి తల పైన ఇటువంటి అరను ఎంత గట్టిగా బిగించినా మేము సమ్మతించము.

ఇప్పుడు ఆ సోదరి ఉత్తరానికి వద్దాము. సోదరీ, మీ ఇంట్లో కొరత సామానుది మాత్రమే అని మేము అనుకోవడం లేదు. ఉన్న ఒక్క బల్ల అబ్బాయిదే అన్నది మీ ఇంట్లో ఎవరూ చర్చించకుండానే జరిగిపోయిన నిర్ణయం. పదో తరగతి పరీక్ష రాయబోయే బిడ్డ గడప మీద, వచ్చేపోయేవారి కాళ్ల మధ్య చదువుతోంది. చదువు ఇద్దరి మీదా బాధ్యతే అని మీకు మేము చెప్పవలసిన పని లేదు. పైగా ఇద్దరూ ఎదిగిన పిల్లలు, ఒకే గదిలో పడకలు ఉండరాదు. అందువల్ల ఇలా చేయండి. ఆ 8కి 10 గదిని అమ్మాయికి ఇవ్వండి. తలుపు వేసుకోగలిగిన గది ఎదిగిన ఆడపిల్లకే ఎక్కువ అవసరం. ఇప్పుడున్న బల్లను అక్కడే ఉంచండి. అబ్బాయికి హాలులో తలుపు వెనుక గోడకు, మేము పైన చెప్పిన 3 అడుగుల మడత పలకను బిగించండి. అతని పుస్తకాలకు పైన రెండు అరలు, బట్టలకు ఒక ట్రంకు పెట్టె. పడకకు ఉదయం మడిచి మూలన నిలబెట్టగలిగే మంచం చాలు. అతిథులు వచ్చిన వేళ అతను చెల్లెలి గదిలోని బల్ల దగ్గర చదువుకుంటాడు, ఆ సమయంలో ఆమె మీ గదిలో కూర్చుంటుంది. అబ్బాయి మొదట కొంత గొణుగుతాడు. ఇంటర్ చదివే కుమారుడితో అతని అబ్బాజాన్ కూర్చుని ఒక మాట చెబితే అర్థం చేసుకోని వయసు కాదది.

కంతుల మీద కొత్త సెట్టు తీసుకోవాలా అని కూడా మీరు అడిగారు. పై ఏర్పాటుకు కావలసినది ఒక ప్లైవుడ్ ముక్క, నాలుగు బ్రాకెట్లు, ఒక మడత మంచం. దానికి అప్పు, వడ్డీ జోలికి వెళ్లే పని లేదు.

పాత సామాను కొనేవారికి హైదరాబాదులో గురువారం నాటి జుమేరాత్ బజార్ వంటి చోట్లు ఉన్నాయి. ఇతర పట్టణాలలో కూడా పాత చెక్క అమ్మేవారు దొరుకుతారు. పాత టేకు సామాను కొత్త పొట్టు పలక కంటే ఎన్నో రెట్లు మేలు. అయితే కీళ్ల సందులలో నల్లటి చుక్కలు ఉన్నాయేమో వెలుతురులో చూడాలి. అవి నల్లుల ఆనవాళ్లు. ఒక్క మంచంతో ఇల్లంతా పాకుతాయి. వేలితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే చెద తిన్నదని అర్థం.

కొనడానికి ముందు రోజు రాత్రి సుద్దముక్కతో గది నేల మీద మంచం, బల్ల, అల్మారాల కొలతలు గీయండి. తలుపు తిరిగే గీత కూడా గీయండి. పిల్లవాడిని ఆ గీతల మధ్య నడవమనండి, కూర్చోమనండి, జానమాజ్ పరచమనండి. గీతను తొక్కిన చోటెల్లా రేపు మోకాలు తగిలే చోటు. తర్వాత అదే టేపుతో మెట్ల మలుపును, వీధి వాకిలిని కొలిచి, ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని దుకాణానికి వెళ్లండి.